పాత కేస్ షీట్లు తూకానికి వేయొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఖమ్మం జిల్లాలో 40 పడకల నర్సింగ్ హోమ్‌లో ఆఫీసు పనులన్నీ నేనే చూసుకుంటున్నాను. 2006 నుంచి పోగైన కేస్ షీట్లు, ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ములు, ఆరోగ్యశ్రీ కోసం తీసుకున్న ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. పోయిన వానల్లో ఆ గది కురిసింది, చెదలు కూడా పట్టాయి. దసరాలోపు ఖాళీ చేసి రంగులు వేయించాలని మా డాక్టరు గారు అంటున్నారు. మొత్తం 2 టన్నులు ఉండొచ్చు. తుక్కు కొట్టు అతను కిలో లెక్కన తీసుకుంటానంటున్నాడు. పాత పేపర్లు, అట్టపెట్టెలు అమ్మిన డబ్బు దసరాకి ఆయమ్మలకి, వార్డు బాయ్‌లకి ఇవ్వడం మా దగ్గర అలవాటు. మా అకౌంటెంట్ గారేమో డేటా రక్షణ చట్టం వచ్చింది, ఇలా అమ్మితే కోట్లలో జరిమానా పడుతుందని భయపెడుతున్నారు. హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి ముక్కలు చేసి సర్టిఫికెట్ ఇస్తామంది గానీ, రేటు విని డాక్టరు గారు వద్దన్నారు. వెనక ఖాళీ స్థలంలో తగలబెట్టేస్తే పోతుంది కదా అంటున్నారు. మూడు పాత కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషీన్ కూడా తీసేయాలి. ఏం చేయమంటారు? నాకైతే చాలా టెన్షన్‌గా ఉంది.

– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఈ రోజే చేయాల్సిన పని ఒకటి ఉంది. ఆ గదికి కొత్త తాళం వేయించి, ఒక తాళంచెవి మీ దగ్గర, ఇంకొకటి డాక్టరు గారి దగ్గర ఉంచండి. తుక్కు అతనికి, ఏజెన్సీకి, రంగులు వేసేవాళ్ళకి ఇంకా ఎవరికీ మాట ఇవ్వకండి. తడిసిన కట్టల్ని మాత్రం నేల మీద నుంచి లేపి బల్లల మీద ఆరబెట్టించండి. అది కూడా ఆ గదిలోనే. వరండాలో ఆరేస్తే వచ్చేపోయే వాళ్ళందరి కళ్ళూ వాటి మీదే పడతాయి.

ఇక మీరు అడిగినవాటికి జవాబు. తూకానికి వేయొద్దు. తగలబెట్టొద్దు కూడా. ముక్కలు చేయించాల్సిందే. అయితే ముక్కలు చేయడం చివరి పని. అంతకుముందు ఏవి ముక్కలు చేయొచ్చో, ఏవి ముట్టుకోకూడదో తేల్చుకోవాలి. అసలు కష్టం అక్కడే ఉంది, ఈ సమాధానంలో ఎక్కువ భాగం దానికే పెడుతున్నాను.

తూకానికి ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికి నా సంగతి ఒకటి చెప్పాలి. ఆస్పత్రుల్లో రికార్డుల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా రికార్డు రూమ్ నిండిపోతే, పైవాళ్ళు చెప్పారని పాత కాగితాలు 11 గోనెసంచుల్లో నింపించి తుక్కు బండి ఎక్కించాను. రసీదు మీద సంతకం నాదే. రెండు నెలల తర్వాత మా వీధి కిరాణా కొట్లో ధనియాలు కొన్నాను. పొట్లం విప్పి ధనియాలు డబ్బాలో పోసుకున్నాక కాగితం తిప్పి చూస్తే మా ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ. పేరు, వయసు, ఇంటి నంబరు, భర్త పేరు, కింద ఆమెకి చేసిన ఆపరేషన్ వివరం. పెళ్ళయిన ఏడాదికి గర్భం నిలవక గర్భసంచి తీసేసిన కేసు అది. ఆవిడది మా పక్క వీధే. నేను వెంటనే కొట్టుకి వెళ్ళి, పొట్లాలు కట్టడానికి పెట్టుకున్న ఆ కట్ట మొత్తం అడిగి తెచ్చుకున్నాను. నాలుగు కిలోల దాకా ఉంది. అప్పటికి ఎన్ని కాగితాలు ఎన్ని ఇళ్ళకి వెళ్ళిపోయాయో నాకు తెలియదు. ఆవిడకి ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు రాలేదు. దారిలో ఎదురైతే తల దించుకుని వెళ్ళిపోయేదాన్ని.

తుక్కు కొట్టు అతను చెడ్డవాడని నేను అనడం లేదు. కాగితం కొని అమ్ముకోవడం అతని బతుకు. అతని దగ్గర నుంచి ఇంకో పెద్ద కొట్టుకి, అక్కడి నుంచి మిల్లుకి వెళ్ళేలోపు ఆ కాగితం ఎంతమంది చేతులు మారుతుందో అతనికీ తెలియదు. మీ ఆరోగ్యశ్రీ కట్టల్లో ఆధార్, రేషన్ కార్డు, ఫోన్ నంబరు, ఫోటో, సంతకం అన్నీ ఒకే పిన్నుకి గుచ్చి ఉంటాయి. చదువురాని వాళ్ళ ఆపరేషన్ అంగీకార పత్రాల మీద వేలిముద్రలు ఉంటాయి. వేలిముద్ర కాగితం మీద ఉంటే ఏమవుతుందిలే అనుకోకండి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, ఎవరెవరి పేర్ల మీదో సిమ్‌లు యాక్టివేట్ చేసి పోలీసులకి దొరికాడు. మన రాష్ట్రం మాటే ఇది.

తగలబెట్టడం గురించి. కట్టలుగా ఉన్న కాగితం అంచులు మాడి లోపల చెక్కుచెదరకుండా మిగులుతుంది. సగం కాలిన కాగితాలు గాలికి లేచి పక్కింటి మేడ మీద పడతాయి. బయట చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 కట్టాలంది. ఎక్స్‌రే ఫిల్ములు ప్లాస్టిక్, వాటిని కాల్చిన పొగ పీల్చేది మీ వార్డుల్లో ఉన్న పేషెంట్లే. డాక్టరు గారికి ఈ ఒక్క మాట చెబితే చాలనుకుంటాను.

చట్టం మాటకొస్తే, మీ అకౌంటెంట్ గారు చెప్పింది సగం నిజం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా. సమాచారానికి తగిన రక్షణ ఏర్పాట్లు చేయని సంస్థకి జరిమానా 250 కోట్ల వరకు వేయొచ్చు. అది గరిష్ఠ పరిమితి. మీలాంటి నర్సింగ్ హోమ్‌కి మొదటి రోజే అంత వేస్తారని ఎవరైనా చెబితే భయపడొద్దు. పేరులోనే ఉన్నట్టు ఇది డిజిటల్ సమాచారానికి సంబంధించింది. కంప్యూటర్లో తీసుకున్నది గానీ, కాగితం మీద తీసుకుని తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించింది గానీ దీని కిందికి వస్తుంది. ఎప్పుడూ కంప్యూటర్ ఎక్కని పాత కేస్ షీట్‌కి నేరుగా వర్తించదు.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. "అయితే కాగితాలకి ఏ చట్టమూ లేదన్నమాట" అనుకుంటారు. ఉన్నాయి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీకి సంబంధించిన వివరాలు ఏ రూపంలో దాచినా వాటిని కాపాడే ఏర్పాటు సంస్థే చేయాలని అందులో రాసి ఉంది. 'ఏ రూపంలో' అంటే మీ గదిలో చెదలు తింటున్న రిపోర్టు కూడా. ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల్లో హెచ్‌ఐవీ ఒకటి కాబట్టి మీ దగ్గర ఇలాంటివి వందల్లో ఉంటాయి. గర్భస్రావం కేసుల అడ్మిషన్ రిజిస్టర్‌ని నిబంధనలే రహస్య పత్రం అన్నాయి. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి ఇంకో చట్టం చెబుతోంది. ఇవన్నీ పక్కన పెట్టినా, పేషెంటు చెప్పుకున్నది బయటికి చెప్పకూడదన్నది డాక్టరు గారి వృత్తి ధర్మం.

కాగితాల వల్లే దెబ్బతిన్న వాళ్ళూ ఉన్నారు. లండన్‌లో వృద్ధాశ్రమాలకి మందులు సరఫరా చేసే డోర్‌స్టెప్ డిస్పెన్సరీ అనే సంస్థ, పేషెంట్ల పేర్లు, చిరునామాలు, మందుల చీటీలు ఉన్న కాగితాల్ని వెనక పెరట్లో తాళం లేని పెట్టెల్లో, సంచుల్లో పడేసింది. కొన్ని వానకి తడిసిపోయాయి. 2019 డిసెంబర్‌లో 2,75,000 పౌండ్ల జరిమానా పడింది. కాగితాలు 5 లక్షలు ఉంటాయన్న అంచనా ఎక్కువని అప్పీల్లో తేలి 2021లో 92,000 పౌండ్లకి తగ్గింది. ఆ కేసులో తడవనివ్వడం కూడా తప్పు కిందే లెక్క వేశారు. అందుకే ఆరబెట్టే పని ముందు చెప్పాను.

ఇప్పుడు అసలు పని, ఏరడం. దీనికి కనీసం మూడు వారాలు పెట్టుకోండి. దసరాలోపు అవ్వదు. రంగులు సంక్రాంతికి వేయించుకోవచ్చని డాక్టరు గారికి ఇప్పుడే చెప్పేయండి.

మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం, అడ్మిట్ అయిన పేషెంటు రికార్డుని చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు ఉంచాలి. చాలా ఆస్పత్రులు ఈ ఒక్క అంకె పట్టుకుని మూడేళ్ళు దాటినవన్నీ పారేస్తాయి. అది ప్రమాదం. మూడేళ్ళనేది కనీస గడువు మాత్రమే.

పోలీసు కేసులతో మొదలుపెట్టండి. మన పల్లెల్లో పురుగుమందు తాగి వచ్చినవి, రోడ్డు ప్రమాదాలు, కొట్లాట దెబ్బలు, కాలిన గాయాలు, మీ రిజిస్టర్లో ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) అని ఎర్ర సిరాతో రాసినవన్నీ వేరే అరలో పెట్టండి. ప్రమాద పరిహారం కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయి. కేసు ముగిసిందని రాతపూర్వకంగా తెలిసేదాకా ఒక్క కాగితం కదపొద్దు. ఇందులో డాక్టరు గారికి ఇంకో భయం కూడా చెప్పండి. కోర్టుకి కావాల్సిన పత్రం అక్కడికి చేరకుండా చేయాలని నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. ముక్కలు చేయడం మంచి పనే అయినా, లాయర్ నోటీసు వచ్చాక చేస్తే ఎవరూ మంచి ఉద్దేశంతో చేశారని నమ్మరు. నోటీసు, ఫిర్యాదు, సమాచారం కావాలన్న ఉత్తరం, ఏది వచ్చినా ఆ పేషెంటు ఫైలు మీద ఎర్ర అట్ట కట్టి పక్కన పెట్టేయండి.

తర్వాత పిల్లలవి. మైనరుకి దావా వేసే గడువు 18 నిండాకే మొదలవుతుంది, ఆపైన సాధారణంగా మూడేళ్ళు ఉంటుంది. కాబట్టి కాన్పు కేసులు, పిల్లల వార్డు కేసులు బిడ్డకి 21 నిండేదాకా ఉంచమని నా సలహా. అంటే మీ 2006 కాన్పుల ఫైళ్ళు కూడా ఇంకా తీయకూడదు. మీకు ఇది బరువుగానే ఉంటుందని తెలుసు. పుట్టుక, మరణం, అడ్మిషన్, ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్లు మాత్రం ఎప్పటికీ ఉంచుకోండి. ఎన్నేళ్ళకో ఒకరు పుట్టిన తేదీ కోసం వస్తారు, మీరు చూసే ఉంటారు.

గర్భస్రావం రిజిస్టర్ ఆ క్యాలెండర్ సంవత్సరం ముగిశాక 5 ఏళ్ళు ఉండాలి. స్కానింగ్ గదిలోని లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఫారాలు 2 ఏళ్ళు, కేసు ఏదైనా నడుస్తుంటే అది తేలేదాకా. మెడికల్ షాపులో హెచ్-1 మందుల (అమ్మిన ప్రతిసారీ వివరం రాసుకోవాల్సిన కొన్ని మందుల) రిజిస్టర్ 3 ఏళ్ళు. జీఎస్టీ లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు. మీది కంపెనీగా రిజిస్టర్ అయ్యుంటే ఖాతా పుస్తకాలు 8 ఏళ్ళు. ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్, ఆరోగ్యశ్రీ ఆడిట్ కాగితాల గడువు మీ ఆడిటర్ గారితో కూర్చుని రాయించుకోండి. ఇవన్నీ ఒకే కాగితం మీద పట్టీగా రాసి, డాక్టరు గారి సంతకం చేయించి, రికార్డు రూమ్ తలుపు లోపల అంటించండి. ఏ కాగితం ఎన్నాళ్ళు ఉంచాలన్న ఆ పట్టీ లేకుండా ఒక్క సంచి కూడా బయటికి వెళ్ళకూడదు.

పోనీ అన్నీ స్కాన్ చేయించి కాగితాలు తీసేద్దామా అని ఎవరైనా అంటారు. స్కానింగ్ కంపెనీలు తప్పకుండా అంటాయి. ఉంచాల్సినవి స్కాన్ చేసుకోండి, మంచిదే. అక్కర్లేని పాత ఓపీ చీటీలు స్కాన్ చేయించడం మాత్రం డబ్బులిచ్చి బరువు నెత్తినెత్తుకోవడం. కాగితంగా ఉన్నంతకాలం కొత్త చట్టం పరిధిలో లేనిది, స్కాన్ చేసిన రోజు నుంచి దాని కిందికి వస్తుంది. అవసరం తీరిన సమాచారాన్ని చెరిపేయాలని కూడా ఆ చట్టమే చెబుతోంది.

ఏరాక మిగిలింది ముక్కలు చేయాలి. డాక్టరు గారు ఒక చిన్న మెషీన్ కొందామని అనొచ్చు. లెక్క చూడండి. 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 75 గ్రాములు) ఏ4 కాగితం ఒక్కోటి 4.7 గ్రాములు, కిలోకి 214 కాగితాలు. 2 టన్నులంటే 4 లక్షల పైచిలుకు. పది కాగితాల చొప్పున నిమిషానికి నాలుగుసార్లు వేస్తూ పోయినా దాదాపు 178 గంటలు, అంటే రోజుకి 8 గంటల చొప్పున 22 రోజులు. చిన్న మెషీన్లు కొన్ని నిమిషాలు నడిచి వేడెక్కి ఆగిపోతాయి, మళ్ళీ చల్లారేదాకా కూర్చోవాలి. పిన్నులు తీయడానికి ఇంకొకరు ఉండాలి. ఎవరూ చివరిదాకా చేయరు. మూడో రోజుకి మిగతా సంచులు తుక్కు బండే ఎక్కుతాయి. అందుకే ఈ పాత కుప్పకి ఏజెన్సీ, రోజువారీ కాగితాలకి చిన్న మెషీన్.

ఏ మెషీన్ అయినా ముక్క ఎంత సైజులో పడుతుందో చూడాలి. దీనికి ఐఎస్‌ఓ 21964 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. జర్మనీ డిన్ 66399 నుంచి వచ్చింది. అందులో కాగితానికి పీ-1 నుంచి పీ-7 దాకా మెట్లు ఉంటాయి. చవక మెషీన్లు కాగితాన్ని నూడుల్స్‌లా పొడుగు పీలికలు చేస్తాయి. 6 మిల్లీమీటర్ల పీలికలైతే ఒక ఏ4 కాగితం 35 పీలికలే. కాగితం అడ్డంగా పెడితే ఒక్కో పీలిక మీద ఒక్కో లైను మొత్తం చదవొచ్చు. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీలో సిబ్బంది హడావిడిగా పీలికలు చేసిన రహస్య పత్రాల్ని ఇరాన్ వాళ్ళు తివాచీలు నేసేవాళ్ళ చేత వరస కలిపి అతికించి పుస్తకాలుగా అచ్చేశారు. పేషెంట్ల కాగితాలకి నా లెక్కలో పీ-4 కంటే తక్కువ ఒప్పుకోకూడదు. అందులో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు దాటదు, ఒక కాగితం 390 ముక్కలవుతుంది. హెచ్‌ఐవీ, గర్భస్రావం, మానసిక చికిత్స కాగితాలు, వేలిముద్రలున్న పత్రాలు పీ-5 చేయించండి. ముక్క 30 చదరపు మిల్లీమీటర్లు, కాగితానికి 2,000 ముక్కల పైనే. ఇవి తక్కువే ఉంటాయి కాబట్టి మీరు కొనే చిన్న మెషీన్ పీ-5ది తీసుకుని అక్కడే చేసుకోవచ్చు.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు నేను మొదట అడిగేది రేటు గురించి కాదు, ముక్కలు ఎక్కడ చేస్తారని. బండిలోనే మెషీన్ తెచ్చి మీ ఆవరణలో చేస్తే కొంచెం ఖరీదు, కానీ మీ కళ్ళ ముందు అవుతుంది. వాళ్ళ గోడౌన్‌కి తీసుకెళ్ళి చేస్తామంటే, కాగితాలు పూర్తిగా ఉన్న స్థితిలోనే 200 కిలోమీటర్లు ప్రయాణం చేస్తాయి. దారిలో ఎక్కడ ఆగుతుందో, గోడౌన్‌లో ఎన్ని రోజులుంటుందో మీకు తెలియదు. మీకు నేను ఆవరణలో చేసేదే చెబుతాను. గోడౌన్ తప్పనిసరైతే సీలు నంబర్లున్న తాళం పెట్టెలు, బండి వెంట మీ మనిషి, అదే రోజు పని పూర్తి, ఈ మూడూ ఒప్పందంలో రాయించండి. ముక్క సైజు అంకెల్లో రాయించండి. 'సురక్షితంగా నాశనం చేస్తాం' అన్న మాట సరిపోదు. పనివాళ్ళు వాళ్ళ సొంత ఉద్యోగులా, ఆ పూటకి పిలిచిన కూలీలా అని కూడా అడగండి. ఈ పనికి నెయిడ్ ట్రిపుల్ ఏ అనే అంతర్జాతీయ గుర్తింపు ఉంది, ఉంటే కాపీ చూపించమనండి.

ఏజెన్సీకి అప్పగించాక మన బాధ్యత తీరిపోయిందనుకోవద్దు. కొత్త చట్టం ప్రకారం పని ఇంకొకరికి అప్పగించినా, ఒప్పందంలో ఏం రాసుకున్నా, జవాబుదారీ మీ నర్సింగ్ హోమే. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అంతటి బ్యాంకు డేటా సెంటర్లు మూసేస్తూ పాత పరికరాల్ని సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీకి ఈ పని తెలియదు. ఖాతాదారుల వివరాలున్న హార్డ్ డిస్కులు ఇంటర్నెట్ వేలంలో తేలాయి. 2020లో 6 కోట్ల డాలర్లు, 2022లో ఇంకో 3.5 కోట్ల డాలర్లు కట్టింది బ్యాంకే.

ఖర్చు తగ్గే దారులు ఉన్నాయి. ఏరాక 2 టన్నులు ఉండదు. ఖాళీ ఫారాలు, మందుల కంపెనీల కరపత్రాలు, అట్టపెట్టెలు, పాత దినపత్రికలు వేరు చేస్తే బరువు బాగా దిగుతుంది. వాటిని తుక్కు అతనికి నిశ్చింతగా ఇవ్వండి. మీ వీధిలో ఇంకో రెండు నర్సింగ్ హోమ్‌లు, ఒక ల్యాబ్ ఉండే ఉంటాయి, వాళ్ళకీ ఇదే బాధ ఉంటుంది. అందరూ ఒకే రోజు పిలిస్తే బండి ఖర్చు పంచుకోవచ్చు. అయితే ఎవరి సంచులు వాళ్ళవి, ఎవరి సర్టిఫికెట్ వాళ్ళది. ముక్కలు పేపర్ మిల్లుకి గుజ్జుకి పోతాయి కాబట్టి ఆ విలువ బిల్లులో తగ్గించమని అడగండి.

ఆయమ్మల దసరా డబ్బు సంగతి మీరు రాయడం నాకు నచ్చింది. చాలామంది ఇది పట్టించుకోరు. కాగితం అమ్మిన డబ్బే మామూలు అయినంతకాలం, మీరు ఎన్ని తాళాలు వేసినా ఎక్కడో ఒకచోట సంచి బయటికి పోతూనే ఉంటుంది. వాళ్ళ తప్పు కాదది, మీరు పెట్టిన అలవాటు. ఈ ఏడాది నుంచి ఆ డబ్బు ఆస్పత్రి ఖాతా నుంచి, నిరుటి కంటే ఒక వంద ఎక్కువే ఇప్పించండి. ఎందుకు మారుస్తున్నారో వాళ్ళని కూర్చోబెట్టి చెప్పండి. వాళ్ళ సొంత కాన్పుల కాగితాలు కూడా ఆ గదిలోనే ఉన్నాయని గుర్తు చేస్తే మీరు ఇంకేం చెప్పక్కర్లేదు.

పని జరిగే రోజు ఒక రిజిస్టర్ పెట్టండి. పెట్టె నంబరు, ఏ ఏడాదివి, ఐపీ (అడ్మిట్ అయిన పేషెంట్ల) నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ముక్కలు చేయకముందు బరువు, చేశాక బరువు. పేషెంట్ల పేర్లు, జబ్బులు అందులో రాయొద్దు. నాశనం చేసిన వాటి జాబితానే ఇంకో రహస్య పత్రం అయి కూర్చుంటుంది. మొదటి సంచి ముక్కల్లో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి స్కేలుతో కొలవండి. అరిగిన బ్లేడు పెద్ద ముక్కలు వదులుతుంది. సర్టిఫికెట్ మీద తేదీ, స్థలం, బరువు, ముక్క సైజు, చేసిన మనిషి పేరు, మీ తరఫున చూసిన వాళ్ళ సంతకం ఉండాలి. బండి కదిలాక మెయిల్లో పంపే సర్టిఫికెట్ ఒప్పుకోకండి.

ఎక్స్‌రే ఫిల్ములు కాగితాలతో కలపొద్దు. వాటిలో వెండి ఉంటుంది, అందుకే కొనేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. ప్రతి ఫిల్మ్ మూలన పేషెంటు పేరు, వయసు, తేదీ అచ్చై ఉంటాయి. ఏజెన్సీ ఫిల్ములు కూడా ముక్కలు చేస్తుందేమో అడగండి. చేయకపోతే, పేరున్న మూలలన్నీ ముందు కత్తిరించుకుని, ఆ తర్వాతే వెండి తీసే అధీకృత సంస్థకి రసీదు మీద ఇవ్వండి.

కంప్యూటర్ల విషయంలో చిన్న పొరపాటు పెద్దదవుతుంది. ఫైళ్ళు డిలీట్ చేసినా, ఫార్మాట్ కొట్టినా సమాచారం తిరిగి తీయొచ్చు. హార్డ్ డిస్కులు విప్పించి, వాటి సీరియల్ నంబర్లు రాసుకుని, ఏజెన్సీ చేత ముక్కలు చేయించి సర్టిఫికెట్లో ఆ నంబర్లు వేయించండి. మిగతా డబ్బాల్ని రిజిస్టర్డ్ ఈ-వేస్ట్ సంస్థకి ఇవ్వండి. జిరాక్స్ మెషీన్ని మర్చిపోకండి. పెద్ద డిజిటల్ మెషీన్లు చాలావాటిలో హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో ఉండిపోతాయి. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దె జిరాక్స్ మెషీన్లని తుడవకుండా తిరిగిచ్చేసింది. అందులో ఒకదాన్ని ఒక టీవీ చానెల్ కొని తెరిస్తే పేషెంట్ల వివరాలు బయటపడ్డాయి. 2013లో ఆ సంస్థ 12 లక్షల డాలర్లకి పైగా కట్టింది. మీది ఏ రకమో సర్వీసు అబ్బాయిని అడిగి తెలుసుకోండి.

గది మళ్ళీ నిండకుండా ఉండాలంటే ఓపీ కౌంటర్ దగ్గర, ల్యాబ్‌లో, మెడికల్ షాపులో తాళం వేసి సన్నటి గాడి పెట్టిన పెట్టె ఒక్కోటి పెట్టించండి. తప్పు ప్రింటు వచ్చిన బిల్లు, చినిగిన ల్యాబ్ లేబుల్, అక్కర్లేని జిరాక్స్ అందులోకే. వారానికోసారి చిన్న మెషీన్‌లో వేయాలి. వెనక వైపు ఖాళీగా ఉందని రిపోర్టు కాగితాల మీద చిత్తు లెక్కలు వేసుకోవడం, పిల్లలకి రఫ్ నోట్సుగా ఇంటికి తీసుకెళ్ళడం ఆపించండి. కాగితం దండగ చేయకూడదన్న మంచి అలవాటే అది, అందుకే మాన్పించడం కష్టం. ఆధార్ జిరాక్స్ అవసరం లేని చోట అడగకండి. అవసరమైతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలేమో కనుక్కోండి. తీసుకోని కాగితాన్ని ముక్కలు చేయక్కర్లేదు.

ఇంకొక్క పని. ఏరడం పూర్తయ్యాక వెంటనే బండి పిలవకండి. రిసెప్షన్ దగ్గర, గేటు దగ్గర పెద్ద అక్షరాలతో తెలుగులో నోటీసు పెట్టించండి. ఏ సంవత్సరాల రికార్డులు తీసేస్తున్నారో, ఎప్పటిలోగా వచ్చి అడగాలో రాయండి. ఒక నెల టైమివ్వండి. కొందరు వస్తారు. మనవరాలి పెళ్ళి సంబంధానికి పుట్టిన తేదీ కావాలని ఒకరు, బీమా వాళ్ళు పాత ఆపరేషన్ వివరం అడిగారని ఇంకొకరు. పేషెంటు గానీ, వాళ్ళు అధికారం ఇచ్చిన మనిషి గానీ రాసిచ్చి అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని ఆ మెడికల్ కౌన్సిల్ నిబంధనే చెబుతోంది. గుర్తింపు కార్డు చూసి, కాగితం చేతికిచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకోండి. ఆ నెల గడిచాక బండి పిలవండి.